తొలి మూడు రోజుల సరంజామా

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ అజిత్‌సింగ్‌ నగర్‌, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట ప్రాంతాల మీదికి బుడమేరు వాగు విరుచుకుపడింది. ఎగువన డైవర్షన్ కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడటంతో గంటల వ్యవధిలో కింది వాటాలు మునిగాయి. జనం పిల్లల్ని, ముసలివాళ్లను పట్టుకుని మేడలెక్కారు. ప్రమాదం జరగకుండా కరెంటు ఆపేశారు. మోటార్లు ఆగాయి, ఫోన్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. ప్రభుత్వం పడవలు దింపింది, హెలికాప్టర్లు రప్పించింది, డ్రోన్లతో ఆహార పొట్లాలు, మందులు పంపింది. అయినా లోపలి వీధుల్లో చాలా ఇళ్లకు తాగునీరు చేరడానికి రోజులు పట్టింది. సైన్యం తోడ్పాటుతో చివరి గండిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది.

జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ కేంద్రం గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అంటే వరద సహాయంలో ఆరితేరిన దళం నగరానికి పొరుగునే ఉంది. అంత దగ్గరలో ఉన్నా మొదటి రెండు మూడు రోజుల్లో ప్రతి గడపకూ చేరడం సాధ్యపడలేదు. ఇందులో సిబ్బంది అలసత్వాన్ని వెతకనక్కర్లేదు. లక్షల మంది ఒకేసారి చిక్కుకున్నప్పుడు పడవలు ఎన్ని ఉన్నా చాలవు. ఉన్నవి ముందు రోగుల దగ్గరికి, గర్భిణుల దగ్గరికి వెళ్లాలి. తక్కినవారు కొంతకాలం తమ ఇంట్లో ఉన్నదానితోనే నెట్టుకురావాలి. ఆ కొంతకాలానికి ఇంట్లో ఏముందన్నదే ప్రశ్న.

విపత్తు వేళ తొలి 72 గంటలు కుటుంబం తన కాళ్ల మీద తాను నిలబడగలగాలన్నది ఇప్పుడు అనేక దేశాలు ఒప్పుకున్న లెక్క. జపాన్ ప్రభుత్వం మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీరు నిల్వ ఉంచుకోమంటుంది. ఐరోపా సంఘం 2025 మార్చిలో తన పౌరులకు ఇదే 72 గంటల సూత్రం చెప్పింది. స్వీడన్ 2024లో ఇంటింటికీ పంపిన పుస్తకంలో వారం రోజుల సన్నద్ధత కోరింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా తుపానుకు ముందు, వరదకు ముందు అత్యవసర కిట్ సిద్ధం చేసుకోమని ఏటా చెబుతూనే ఉంది. అయితే ఆ మాట గోడపత్రిక దాటి వంటింటి దాకా రావడం లేదు. వచ్చినా, ఎక్కడో మంచు కురిసే దేశాల కోసం రాసిన నలభై వస్తువుల జాబితాగా వస్తోంది. అది చూసి మన గృహస్థు ఏం కొనాలో తేల్చుకోలేక పక్కన పెట్టేస్తున్నాడు.

మన జాబితా మన విపత్తుల నుంచే రావాలి. ఏ వరదలో ఏది కరవైంది, ఏ తుపానులో ఏది ఆగిపోయింది అన్న అనుభవమే అందుకు ఆధారం.

మూడు ఘటనలు, మూడు పాఠాలు

బుడమేరు నేర్పిన పాఠం నీటి గురించి. చుట్టూ నిలువెత్తు నీరున్నా అందులో మురుగు కలిసింది. భూమిలోని సంపుల్లోకి వరద నీరు చేరితే అవి పనికిరావు. మేడ మీది ట్యాంకులో ఉన్నది వాడుకుంటే అయిపోతుంది, మళ్లీ నింపడానికి కరెంటు లేదు. ఇంకో పాఠం ఎత్తు గురించి. కింది వాటాలో వంటగట్టు కింద దాచిన బియ్యం, పప్పులు, మందుల డబ్బా అన్నీ మొదటి గంటలోనే తడిసి ముద్దవుతాయి. సరుకులు ఉండటం ఒక ఎత్తు, అవి అటక మీదో పై అంతస్తులోనో ఉండటం ఇంకో ఎత్తు.

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ తుపాను వేరే పాఠం చెప్పింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి స్తంభాలు, సెల్ టవర్లు కూలాయి. నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఏటీఎంలు పనిచేయలేదు. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. పాల ప్యాకెట్టు, నీళ్ల క్యాను ధరలు కొండెక్కాయి. బ్యాంకులో డబ్బున్నవాడు కూడా చేతిలో నోట్లు లేక పాల కోసం అప్పు అడిగే పరిస్థితి వచ్చింది. అప్పటికి యూపీఐ లేదు, అది 2016లో వచ్చింది. ఈ పదేళ్లలో మన డబ్బు, బంధువుల నంబర్లు, ఆధార్, బీమా కాగితాలు, దారి చూపే పటం, ఆఖరికి టార్చిలైటు కూడా ఒక్క ఫోన్లోకి చేరాయి. ఆ ఫోన్ ఆగితే ఇన్నీ ఒకేసారి ఆగుతాయి. హుద్‌హుద్‌ నాటికంటే నేటి కుటుంబానికి సౌకర్యాలు పెరిగాయి, వాటితో పాటు ఈ ఒక్క బలహీనతా పెరిగింది. మన కిట్‌కు కొలమానం ఇదే కావాలి: ఫోనూ కరెంటూ లేకుండా ఆ ఇల్లు మూడు రోజులు నడవగలదా?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. గాఢ నిద్రలో ఉన్నవాళ్లు చీకట్లో ఎటు పరుగెత్తాలో తెలియక వీధుల్లోనే కుప్పకూలారు. ఇక్కడ మూడు రోజుల నీళ్లు, తిండి ఎందుకూ కొరగావు. నిమిషాల్లో ఇల్లు వదలాలి. మంచం పక్కన చెప్పులు, టార్చి, ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి తడిపిన గుడ్డ, గాలి వీచే దిశకు అడ్డంగా పోవాలన్న ఎరుక, ఇవే అక్కరకొస్తాయి.

కాబట్టి ఇంటికి ఒక్క కిట్ సరిపోదు. ఉండిపోవాల్సి వస్తే ఆదుకునేది ఒకటి, వెళ్లిపోవాల్సి వస్తే చేతికందేది మరొకటి.

ఇంట్లో: రెండు క్యాన్లు, ఒక డబ్బా, ఒక సంచి

నీటి లెక్క తేలికే. నలుగురున్న ఇంటికి, తలకు రోజుకు మూడు లీటర్లు, మూడు రోజులకు 36 లీటర్లు. మన వీధుల్లో రోజూ తిరిగే 20 లీటర్ల క్యాన్లు రెండు సీలు తీయకుండా ఉంచితే సరిపోతుంది. వాటిని అలా నెలల తరబడి వదిలేయక, కొత్త క్యాను రాగానే పాతది వాడుకుని కొత్తది దాచాలి. ఇది తాగడానికి, వంటకే. తుపాను హెచ్చరిక రాగానే మేడ మీది ట్యాంకు, బిందెలు, బకెట్లు, గంగాళం నింపి పెడితే మరుగుదొడ్డికీ స్నానానికీ వస్తాయి.

దాచిన నీరు అయిపోతే దొరికిన నీటిని శుభ్రం చేసుకోవాలి. గ్యాస్ పొయ్యి ఉంటే తెర్లేదాకా కాచి, ఆ మీద కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. లేదంటే క్లోరిన్ బిళ్లలు, వాటి పొట్లం మీద రాసిన కొలత ప్రకారం. మడ్డి నీరైతే ముందు వడకట్టాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టించినప్పుడు కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. చీర మడత ఒక్కటే రోగాలన్నిటినీ ఆపలేదు, క్లోరిన్‌కో కాచడానికో ముందు మెట్టుగా బాగా పనికొస్తుంది. అలాంటి చీర లేని ఇల్లు మనకు అరుదు.

తిండి విషయంలో ఒక్క నియమం చాలు: పొయ్యి, నీళ్లు రెండూ అక్కర్లేనివి ముందు. మరమరాలు, వేయించిన వేరుశనగలు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరం, నువ్వుల ఉండలు, బిస్కెట్లు, చంటిపిల్లలుంటే పాలపొడి. నూడుల్స్ ప్యాకెట్లకు నీళ్లూ మంటా రెండూ కావాలి. ఊరగాయ, వడియాలు, అప్పడాలు మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే నిల్వ సరుకే అయినా ఉప్పు దాహం పెంచుతుంది, నీళ్లు కొలిచి తాగాల్సిన రోజుల్లో వాటిని తగ్గించుకోవాలి.

మందుల దగ్గర అశ్రద్ధ పనికిరాదు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమా, మూర్ఛ మందులు వాడేవారు నెలాఖరు దాకా ఆగకుండా వారం ముందే కొత్తవి తెచ్చుకుంటే ఏ రోజు ఏ ఉపద్రవం వచ్చినా చేతిలో వారానికి సరిపడా ఉంటాయి. దీనికి అదనపు ఖర్చు లేదు, కొనే తేదీ మారితే చాలు. ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో ఫ్రిజ్ ఆగగానే కంగారు మొదలవుతుంది. నీళ్లతో తడిపి నీడలో ఉంచిన మట్టికుండలో, నీరు తగలకుండా కవరులో చుట్టి పెడితే కొద్ది రోజులు గట్టెక్కవచ్చు. ఇంట్లో ఇన్సులిన్ ఉంటే చిన్న కుండ కూడా కిట్‌లో భాగమే. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు ఉంచాలి. అవి లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు మోతాదు మించితే మేలు కన్నా కీడెక్కువ. ప్లాస్టర్లు, దూది, గాజుగుడ్డ, యాంటీసెప్టిక్ మందు, పారాసిటమాల్ సరేసరి. శానిటరీ నాప్‌కిన్లు, పెద్దలకు అవసరమైన డైపర్లు, అదనపు కళ్లజోడు, చెవి మిషను బ్యాటరీలు పురుషులు రాసే జాబితాల్లో తరచూ తప్పిపోతుంటాయి. సరుకుల పట్టీ ఇంటిల్లిపాదీ కూర్చుని రాస్తే ఇవి జారిపోవు.

వెలుతురుకు కొవ్వొత్తి కన్నా టార్చి మేలు. వరద తగ్గిన ఇంట్లో గ్యాస్ లీకై ఉండొచ్చు, అగ్గిపుల్ల గీయడమే ప్రమాదం. వరద వెంట పాములు ఇళ్లలోకి వస్తాయి కనుక రాత్రి మంచం దిగే ముందు టార్చి వెలగాలి, పక్కన కర్ర ఉండాలి. విడి బ్యాటరీలు, నిండా చార్జి చేసిన పవర్ బ్యాంకు, చిన్న రేడియో కావాలి. ఫోన్లలో ఎఫ్‌ఎం రేడియో పనిచేసేలా చూడాలని కేంద్రం 2023లో తయారీదారులకు సూచించింది. ఆ వసతి ఉన్న ఫోనుకు తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్ యాంటెనాగా పనిచేస్తాయి. ఇంటర్నెట్ లేకున్నా వార్త వింటారు.

ఇక కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, బీమా పాలసీల నకళ్లు నీరు చొరని కవరులో ఉండాలి. డిజీలాకర్‌లో దాచడం మంచిదే, అయితే సిగ్నల్ లేని రోజు కాగితమే దిక్కు. 2024 వరద తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో కింది వాటాలకు 25 వేల రూపాయలు, పై అంతస్తులకు 10 వేలు చొప్పున సాయం ప్రకటించింది. అలాంటి సాయం అందాలంటే ఎవరు ఏ వాటాలో ఉంటున్నారో తేలాలి. అద్దెకున్నవారికి ఇది మరీ ముఖ్యం, అద్దె ఒప్పందం నకలు కూడా ఆ కవరులో ఉంటే పనికొస్తుంది. కొంత నగదు, అదీ చిల్లర నోట్లుగా. ఒక కాగితం మీద చేతిరాతతో పది ఫోన్ నంబర్లు: ఇద్దరు బంధువులు, ఇరుగుపొరుగు, డాక్టరు, 112, 108, విద్యుత్ ఫిర్యాదులకు 1912, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077. వీటిలో ఒక బంధువు వేరే జిల్లా వారై ఉండాలి. ఇంట్లోవాళ్లు చెల్లాచెదురైతే అందరూ ఆయనకే కబురు చెప్పుకుంటారు.

వీటిలో నీళ్లు తప్ప తక్కినవన్నీ ఒక మూత డబ్బాలో పట్టేస్తాయి. దాన్ని అటక మీద ఉంచాలి. ఇంటి కప్పు రేకులదైతే పాలిథిన్ షీట్‌లో చుట్టాలి. ఇది ఉండిపోవడానికి. వెళ్లిపోవడానికి, భుజాన వేసుకునే సంచి ఒకటి తలుపు దగ్గర మేకుకు వేలాడాలి. అందులో లీటరు నీళ్లు, మూడు రోజుల మందులు, టార్చి, ఈల, కాగితాల కవరు, కొంత డబ్బు, ఒక జత బట్టలు, శుభ్రమైన గుడ్డ. అరిచి అరిచి గొంతు పోయాక కూడా ఈల పడవవారికి వినబడుతుంది. పరిశ్రమల పక్కన, నది గట్టున, కొండ వాలున ఉండే కుటుంబాలకు ముందు కావాల్సింది ఈ సంచే.

ఆఫీసులో చిక్కుకుపోతే

2011 మార్చి 11న జపాన్ భూకంపం వచ్చినప్పుడు టోక్యోలో కూలిన భవనాలు తక్కువే. కానీ రైళ్లు ఆగిపోయాయి. రాజధాని ప్రాంతంలో యాభై లక్షల మందికి పైగా ఆ రాత్రి ఇళ్లకు చేరలేకపోయారని అక్కడి ప్రభుత్వం అంచనా కట్టింది. రోడ్లన్నీ నడిచేవాళ్లతో నిండి అంబులెన్సులకు దారి దొరకలేదు. ఆ అనుభవంతో టోక్యో నగర పాలన 2013 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. పెద్ద భూకంపం వస్తే ఉద్యోగుల్ని వెంటనే ఇళ్లకు పంపకూడదు, వారి కోసం సంస్థలే మూడు రోజుల సరుకు నిల్వ ఉంచాలి. మనిషికి తొమ్మిది లీటర్ల నీరు, తొమ్మిది పూటల తిండి, ఒక దుప్పటి.

హైదరాబాద్ ఐటీ ప్రాంతానికి ఈ ఉదాహరణ దూరమైనది కాదు. 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులు మూడు విడతలుగా ఇళ్లకు బయల్దేరాలని కోరారు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు నగరంలో కాలనీలకు కాలనీలే చెరువులయ్యాయి. అలాంటి రాత్రి రోడ్డెక్కడం కన్నా ఎక్కడివారక్కడే ఆగడం క్షేమం. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఉద్యోగులు ట్రాక్టర్లలో వెళ్లాల్సి వచ్చింది, వారిలో తెలుగువారూ ఎందరో. వాన ఉధృతంగా ఉన్నప్పుడు ఆఫీసులోనే రాత్రి గడపడం ఉత్తమమైతే, గడపడానికి వీలు కూడా ఆఫీసే కల్పించాలి.

ఉద్యోగి సొరుగులో ఉండాల్సినవి కొద్దే: రెండు రోజుల మందులు, తడిసినా జారని మామూలు చెప్పులు, టార్చి, పవర్ బ్యాంకు, ఖర్జూరమో పల్లీ పట్టీనో, నాప్‌కిన్లు, తువ్వాలు. తక్కినది యాజమాన్యం పని. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ప్రతి 150 మంది కార్మికులకు ఒకటి చొప్పున ప్రథమ చికిత్స పెట్టె, దాన్ని చూసుకునే శిక్షణ పొందిన మనిషి ఉండాలంది. ఎక్కడ ఏ పెట్టె ఉందో, అందులో మందుల గడువు తీరిందో లేదో అడిగే హక్కు కార్మికుడికి ఉంది. అడిగే అలవాటే ఇంకా రావాలి. నిల్వ లెక్కలో ఉద్యోగులతో పాటు సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ మహిళలు, క్యాంటీన్ కుర్రాళ్లు, వానకు మెట్ల కింద తలదాచుకున్న డెలివరీ బాయ్ కూడా ఉండాలి. అందరూ వెళ్లిపోయినా ఆ భవనంలో ఆగేది వాళ్లే.

దారిలో: కారు, బండి

2023 జులై చివర్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి వచ్చింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతి భారీ వర్షానికి 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిని వాహనాలు బారులు తీరాయి. నాలుగు గంటల ప్రయాణమని బయల్దేరినవాళ్లు రాత్రంతా రోడ్డు మీదే గడిపే రోజులివి. పసిపిల్లతోనో, షుగరు ఉన్న తండ్రితోనో అలా ఆగిపోతే కారులో ఏముందన్నది పెద్ద విషయం.

కొత్త కారు డిక్కీలో ప్రథమ చికిత్స పెట్టె, ఎర్ర త్రికోణం వస్తాయి. చాలామంది వాటి సీలు కూడా తీయరు. వాటికి తోడు లాగే తాడు, టార్చి, గొడుగు, పాత దుప్పటి, ఓఆర్‌ఎస్, పల్లీలు, ఒక జత గట్టి చెప్పులు కావాలి. మన ఎండల్ని మరచి జాబితా రాయకూడదు. మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు. పవర్ బ్యాంకు, శానిటైజరు, ఇన్సులిన్, మాత్రలు, చాక్లెట్లు కారులో వదిలేసేవి కావు. నీళ్ల సీసాలు కూడా నెలల తరబడి డిక్కీలో కాగకూడదు. అందుకే కారు కిట్‌లో సగం డిక్కీలో ఉంటే సగం ఇంటి తలుపు దగ్గర సంచిలో ఉండాలి, బయల్దేరేటప్పుడు అది తోడు రావాలి.

అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, సీటుబెల్టు కోసే కత్తి డ్రైవరు చేతికందే చోట ఉండాలి. నీటిలో పడిన కారు పవర్ కిటికీలు మొరాయిస్తాయి. ముందు అద్దం పొరలతో చేసింది, సుత్తికి లొంగదు. పక్క కిటికీ మూలన కొట్టాలి. అయితే ఏ సుత్తీ రోడ్డు మీద పారే నీటిని చూసి ఆగిపోవడానికి సాటి రాదు. ఉరికే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తోసేస్తుంది, రెండడుగులుంటే పెద్ద వాహనాల్నీ లాక్కుపోతుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక కారును అలాగే మింగేసింది. లోపలున్న ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మునిగి తేలిన బండిని స్టార్ట్ చేయడమూ తప్పే. నీరు చేరిన ఇంజన్ పాడవుతుంది, బీమా పరిహారం దగ్గరా పేచీ వస్తుంది. ముందు ఫొటో తీసి, తర్వాత మెకానిక్‌ను పిలవాలి.

మన కుటుంబాల్లో ఎక్కువమందికి బండి అంటే టూవీలరే. సీటు కింద రెయిన్‌కోటు, ఫోనుకు పాలిథిన్ కవరు, చిన్న టార్చి, రెండు కట్లకు సరిపడా గాజుగుడ్డ, ఒక కాగితం మీద రక్తం గ్రూపు, ఇంటి నంబరు. ఇంతే చాలు.

ఇంటికైనా, కారుకైనా అమెరికాలోని తెలుగు కుటుంబాలకు వేరే పట్టీ కావాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లు, సంస్థలకు కరెంటు పోయింది. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ శివార్లూ అందులో ఉన్నాయి. చలికి తాళలేక గ్యారేజీలో కారు ఇంజన్ నడిపినవాళ్లు, ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించినవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. అక్కడి కిట్‌లో దుప్పట్లతో పాటు బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల మందులు మన దగ్గరి నుంచి తెచ్చుకున్నవై ఉంటాయి కనుక, వాటి అసలు పేర్లు రాసిన డాక్టరు చీటీ కూడా కావాలి.

కొనలేని వారి మాటేమిటి?

ఇంత రాశాక ఒక మాట దాటవేస్తే అన్యాయమవుతుంది. రోజు కూలితో రోజు బియ్యం కొనే ఇంటికి మూడు రోజుల నిల్వ అన్నది తేలిక మాట కాదు. ఒకే గది, అటక లేదు, పై అంతస్తు లేదు. బుడమేరు గట్టునా, మున్నేరు ఒడ్డునా, మూసీ పక్కనా మొదట మునిగేది ఆ ఇళ్లే. వాళ్లను కిట్ కొనుక్కోమని హితబోధ చేసి ఊరుకోవడం ప్రభుత్వం బాధ్యతను వాళ్ల నెత్తిన రుద్దడమే. గండి పడే గట్టును బాగు చేయడం, వాగుల దారిలోని ఆక్రమణలు తొలగించడం, మురుగు కాలువలు తవ్వడం ఏ కుటుంబమూ డబ్బాలో దాచుకోలేని పనులు. కిట్ ఆ పనులకు బదులు కాజాలదు.

ప్రభుత్వం ఖర్చు పెట్టడం లేదని కాదు. 2024 వరద తర్వాత విజయవాడ బాధితులకు 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లి, బంగాళాదుంపలు ఇచ్చింది. ఆ మేలును ఎవరూ కాదనరు. మారాల్సింది సమయం. అందులో కొంత భాగాన్ని ముప్పు ఉన్న కుటుంబాలకు వానలకు ముందే, మరో రూపంలో ఇవ్వవచ్చు: మూత గట్టిగా పట్టే పదిలీటర్ల నీళ్ల డబ్బా, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్‌ఎస్, టార్చి, ఈల, కాగితాలు పెట్టుకునే కవరు. ఎవరికివ్వాలో తెలుసుకోవడానికి కొత్త సర్వే అక్కర్లేదు. రేషన్ షాపుల దగ్గర పేర్లున్నాయి, ఏ వార్డు ఎంత మునిగిందో మున్సిపల్ రికార్డుల్లో ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర పథకం కింద లక్ష మంది వాలంటీర్లకు శిక్షణతో పాటు ఒక్కొక్కరికి కిట్ ఇవ్వాలని తలపెట్టింది. ఆ వాలంటీర్ల చేతనే బస్తీల్లో ఈ పంపిణీ, వాడకం చూపించవచ్చు.

అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇంకో బాధ్యత ఉంది. సెల్లారులో పెట్టిన జనరేటరు, మోటారు, కరెంటు ప్యానెల్ మొదట మునిగేవి. వాటిని ఎత్తైన గట్టు మీదికి మార్చడం ఒక్క సంవత్సరం నిర్వహణ నిధిలోనే చేయగల పని. మేడ మీద పెద్ద ట్యాంకులో తాగునీటికి వేరు అర, భవనంలో ఎవరికి డయాలసిస్ ఉంది, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు అన్న జాబితా, వాచ్‌మన్ కుటుంబానికి మేడ మీద ఒక గది తాళం, ఇవి సంఘం సమావేశంలో గంటసేపట్లో తేల్చుకోగలిగినవి.

సరుకులకు గడువు తీరకుండా చూడటానికి మన పండుగలే గుర్తు చేస్తాయి. నైరుతి వానలు మొదలయ్యే వేళ ఏరువాక పున్నమి వస్తుంది. ఆయుధపూజకు బండ్లు కడిగి బొట్లు పెట్టే రోజున కారు డిక్కీ ఎలాగూ ఖాళీ చేస్తారు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరు తుపానుల కాలం మొదలవుతుంది. ఈ రెండు రోజుల్లో డబ్బా దింపి, మందుల తేదీలు చూసి, పాత బిస్కెట్లు పిల్లలకిచ్చి కొత్తవి పెట్టి, టార్చి ఒకసారి వెలిగించి చూస్తే పని పూర్తవుతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కోస్తాను దాటింది. ఈసారి హెచ్చరికలు ముందుగా ఫోన్లకు వచ్చాయి, తీర ప్రాంతాలవారిని పునరావాస కేంద్రాలకు తరలించారు. హెచ్చరించడంలో, తరలించడంలో మన రాష్ట్రాలు 1977 దివిసీమ ఉప్పెన నాటి నుంచి చాలా దూరం వచ్చాయి. ఆ ప్రయత్నం ఇప్పుడు ఇళ్ల లోపలికి రావాలి. వచ్చే జూన్‌లోగా ప్రతి వార్డు కార్యాలయం, రేషన్ షాపు గోడ మీద తమ ప్రాంతానికి తగిన పది వస్తువుల జాబితా తెలుగులో ఉండాలి, ముంపు వార్డుల్లో ఆ పది వస్తువులూ అక్కడే ఉచితంగా దొరకాలి. అందుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ ఏడాది విపత్తు నిధుల్లోంచే కేటాయింపు చూపించాలి.